పదిహేనుకి ఏడు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు మీదున్న ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లు సైకాలజీ చెప్పాను. రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పటికీ పరీక్షల కాలం వస్తే ఎవరో ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, వేరియబుల్స్‌ని కంట్రోల్ చేయడం అంటే ఏమిటో ఇంకోసారి చెప్పరా" అంటుంది. ఏటా బోర్డు మీద రాసిన వాక్యమే అప్పజెబుతాను. దేని ప్రభావం చూడాలనుకున్నామో అదొక్కటే మారాలి, తక్కినవన్నీ మారకుండా పట్టి ఉంచాలి. రాసుకుంటే రెండు మార్కులు గ్యారంటీ. కానీ ఈ చదువులోకి కొత్తగా వచ్చిన మీకు ఒక నిజం చెప్పాలి. ఆ వాక్యం నేను పాతికేళ్లు అర్థం కాకుండానే చెప్పాను. అర్థమయ్యేలా చేసిన మనిషి ఇంటర్ తప్పినాయన, మా ల్యాబ్ అటెండరు. నాకు పరీక్ష పెట్టి, పదిహేనుకి ఏడు మార్కులు వేసి మరీ నేర్పాడు.

ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్లది సరూర్‌నగర్ పాత ఊరు. చెరువు పక్కన వాళ్ల నాన్న బర్రెలు మేపిన నేల మీద ఇప్పుడు మూడు కాలనీలున్నాయి. నేను ఆయన్ని "ఏమయ్యా" అని పిలిచేదాన్ని. మాది గోదావరి వైపు, మా ఇంట్లో పిలుపులన్నీ అలాగే ఉంటాయి. ల్యాబులో ఆయనకు ఒకటే మంత్రం, "ఒక్క తీరు". బల్లలు ఒక్క తీరుగా ఉండాలి. ఫ్యాను మూడో నంబరు మీదే తిరగాలి. స్టాప్‌వాచీ ఆయన చేతిలోనే ఉండాలి, గంట ఆయనే కొట్టాలి. ఒకరోజు నేను కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మనిషి మారితే గంట గూడ మారుతది మేడం" అన్నాడు. చాదస్తం అనుకున్నాను.

ఒక గురువారం ఏకాగ్రత మీద ప్రయోగం పెట్టుకుని ముప్ఫై మంది పిల్లల్ని పిలిపించాను. ఈయన తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"బేస్తారం వద్దు మేడం. సగం మంది ఒక్కపొద్దుంటరు. కడుపుల ఏం లేనోళ్లను, ఇడ్లీ తినొచ్చినోళ్లను ఒక్క గాటకే కడ్తమా?"

నాకు ఒళ్లు మండింది. తీరా ఉపవాసం ఉన్నవాళ్లు చేతులెత్తండి అంటే పదకొండు చేతులు లేచాయి. గురువారం వస్తే మా రోడ్డంతా గుడికి పోయే జనమే. ఆ సంగతి రోజూ చూస్తూనే ఉన్నాను, కానీ ల్యాబులోకి వచ్చే పిల్లలు ఆ రోడ్డు మీంచే వస్తారని నాకు తట్టలేదు. ఆ తర్వాత మా టైంటేబుల్లో గురువారం ప్రాక్టికల్స్ తీసేశాం. ఎందుకని ప్రిన్సిపాల్ అడిగితే నేను చాలా శాస్త్రీయంగా వివరించాను. అటెండరు మాట మాత్రం ఎత్తలేదు. అప్పటికి నా బుద్ధి అంతే.

ఇక అసలు సంగతి. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక, విజయవాడ రోడ్డుకు కాస్త లోపలగా ఒక ప్రైవేటు స్కూలుండేది. దాని కరస్పాండెంటు మా జిల్లావాడే. ఆరో తరగతి పిల్లలకి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టమని మా కాలేజీని అడిగాడు. తక్కువ వచ్చినవాళ్లను దసరా సెలవుల తర్వాత వేరే సెక్షన్లో వేస్తానన్నాడు. ఆ సెక్షన్‌కి లెక్కలు, సైన్సు సగం సగం చెబుతారట.

"వాళ్ల మీద కూడా ఒత్తిడి ఉండదు కదండీ" అన్నాడు ఫోన్లో, దయగానే.

పదకొండేళ్ల పిల్లకి సగం లెక్కలు చెబితే తక్కిన సగం ఎప్పుడు చెబుతారని నేను అడగలేదు. పని ఒప్పుకున్నాను. మా ఊరివైపు మనిషి పిలిచి పెద్దపీట వేస్తే ఎవరికి మాత్రం బాగుండదు.

పదిహేను మాటల పట్టిక నేనే తయారు చేశాను. పట్టిక చదవడం, గంట కొట్టడం, నిమిషం ఆగడం, గుర్తున్నవి రాయించడం. నేను పట్టి ఉంచని అంశం లేదు. అన్నీ పిల్లలు ఇంట్లో చూసే వస్తువులే, అన్నీ రెండు నుంచి ఐదు అక్షరాల లోపే, చదివేటప్పుడు మాటకీ మాటకీ మధ్య రెండు సెకన్లు. పేపరు దిద్దడానికి ఒక నియమం కూడా పెట్టాను. విన్న మాట విన్నట్టే రాయాలి, అక్షర దోషాలు పట్టించుకోం, వేరే మాట రాస్తే తప్పు. పిల్లలందరినీ ఒకే గదిలో, ఒకే టైముకి, పొద్దున పూట, గురువారం కాకుండా కూర్చోబెట్టాం. ఫ్యాను మూడో నంబరు మీద ఉంది.

పందొమ్మిది మందికి బాగా తక్కువ వచ్చాయి. వాళ్లలో పదహారు మంది సరూర్‌నగర్ పాత ఊరి నుంచి, అబ్దుల్లాపూర్‌మెట్ దాకా రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ల నుంచి స్కూలు బస్సులో వచ్చేవాళ్లు. కాలనీల పిల్లలు, అంటే మావైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పిల్లలు, దాదాపు అందరూ బాగా రాశారు. ఇలాంటి గీత ఇంత స్పష్టంగా కనపడితే ముందు మన పరీక్షని అనుమానించాలి. క్లాసులో వెయ్యిసార్లు చెప్పిన మాటే ఇది. నేను అనుమానించలేదు, పైగా వీళ్లు వెనకబడ్డారని కరస్పాండెంటుకి ఫోన్లో చెప్పేశాను కూడా. ఎందుకంటే ఆ ఫలితం నేను ముందే ఊహించినట్టుగానే ఉంది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఫలితాలు చూసిన రోజు స్కూలు వరండాలో ఒక పిల్ల నా వెనకే వచ్చింది. చేతికి పసుపు రంగు రబ్బరు గాజు, భుజాన తనకంటే బరువైన సంచి.

"టీచర్, నాకెన్నొచ్చినయ్?"

"ఆరు."

"ఆరెట్లయితయ్ టీచర్? ఒక్కటే యాదికి రాలే. మిగిలినయన్ని రాసిన."

"అందరికీ అలాగే అనిపిస్తుందమ్మా" అన్నాను, తల నిమిరి.

మా అటెండరు అక్కడే పెన్సిళ్లు ఏరుతున్నాడు. విన్నాడు, ఏరడం ఆపి ఆ పిల్ల వైపు చూశాడు. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా నోరు విప్పలేదు. మామూలుగా అయితే ఏసీ ఎక్కువైందనో, పక్కవాడి ఫోను గోలనో ఏదో ఒకటి గొణిగేవాడు.

రెండు రోజుల తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం. రిపోర్టు టైపు చేసి ఫైల్లో పెట్టాను, మర్నాడు ఇచ్చేయాలి. ఆయన గంటా, స్టాప్‌వాచీ పట్టుకుని వచ్చాడు.

"మేడం, జర ఆ బల్ల కాడ కూసోండ్రి. మీకొక పరీక్ష."

"నాకా? ఆ పట్టిక నాకు నోటికొచ్చయ్యా."

"అందుకే వేరే పట్టీ రాసుకొచ్చిన."

సరదాకి కూర్చున్నాను. ఆయన ఫ్యాను మూడో నంబరు మీద పెట్టాడు. కిటికీ మూశాడు. కాగితం చూసి పదిహేను మాటలు చదివాడు, మాటకీ మాటకీ మధ్య సరిగ్గా రెండు సెకన్లు. గంట కొట్టాడు, నిమిషం ఆగాడు, రాయమన్నాడు. నేను గబగబా రాసి పెన్ను పడేశాను. రెండు మాటలు గుర్తుకు రాలేదు, పదమూడు వచ్చాయి. ఈ వయసులో ఫరవాలేదు అనుకుంటున్నాను. ఆయన ఎర్ర పెన్ను తీసి దిద్దడం మొదలుపెట్టాడు. అటూ ఇటూ గీతలు పడుతున్నాయి.

"ఏడు" అన్నాడు.

"ఏడేమిటయ్యా? ఇలా తే."

కాగితం లాక్కున్నాను. చిలగడదుంప కొట్టేశాడు. గోరుచిక్కుడు కొట్టేశాడు. దుప్పటి, గాలిపటం, చొక్కా, గడప, అన్నీ కొట్టేశాడు.

"చిలగడదుంప నువ్వు చెప్పిందే కదా?"

"నేను జెప్పింది మొరంగడ్డ."

"రెండూ ఒకటే."

"ఒకటే మేడం. గానీ రూల్ మీదే. ఇన్న మాట ఇన్నట్టే రాయాలె."

తక్కినవీ అంతే, ఆయన చదివినవి గోకరకాయ, చెద్దరు, పతంగి, అంగి, గల్మ. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో కూరగాయలు కొంటున్నాను, ఆ మాటలన్నీ నాకు తెలుసు. వింటూనే అర్థమయ్యాయి. అర్థమయ్యాయి కాబట్టే చెయ్యి నా ఇంటి మాట రాసుకుంటూ పోయింది. కాగితం అడుగున ఆయన ఎర్ర పెన్నుతో ఇంకో మాట కూడా రాశాడు, "ప్రత్యేక సెక్షన్" అని.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను వాదనకి దిగుతాను, మా ఇంట్లోవాళ్లకి తెలుసు.

"అయితే ఏమంటావు? ఆ పిల్లలకి వెల్లుల్లి అంటే తెలీదంటావా?"

"తెలుసు మేడం. తెలుసు గనకనే ఎల్లిగడ్డ రాసిన్రు. తెల్వకుంటే ఏం రాస్తరు?"

 ఆయన బల్లకి అవతల కూర్చున్నాడు. అన్నేళ్లలో నా ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"మా నాయిన పాలు పోసేటోడు మేడం. ఒక్కటే లోటతోని పోసేటోడు. లోట మారితే లెక్క మారుతదని, పెండ్లికి పోయినా సంచిల ఏసుకపోయేటోడు. మీరు ఫ్యాన్ ఒక్క తీరు పెట్టిన్రు, బల్ల ఒక్క తీరు పెట్టిన్రు, టైం ఒక్క తీరు పెట్టిన్రు. లోట మాత్రం మీ ఇంట్లకెల్లి తెచ్చిన్రు."

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు ఆ శుక్రవారం తెలిసింది. రిపోర్టు పక్కన పెట్టి పందొమ్మిది కాగితాలూ బల్ల మీద పరిచాం. రబ్బరు గాజు పిల్ల కాగితం నేనే తీశాను. అద్దం, దువ్వెన, నిచ్చెన, సూది, కుర్చీ, పలక, ఈ ఆరూ ఒప్పు అని నేను పెట్టిన టిక్కులున్నాయి. నేను కొట్టేసినవి వరసగా చదివాను. పుంటికూర, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, గంటె, ఛత్రి, మెత్త, దర్వాజ. అన్నీ నేను చదివిన వస్తువులే. గోంగూర దగ్గర్నుంచి గరిటె, గొడుగు, దిండు, తలుపు దాకా. ఆరూ ఎనిమిదీ పధ్నాలుగు. ఒక్కటే యాదికి రాలేదని ఆ పిల్ల నాతో ఉన్నమాటే చెప్పింది. నేను తల నిమిరి పంపేశాను. నాకు ఏడుపొచ్చింది, కళ్లజోడు తుడుచుకున్నట్టు నటించాను. ఆయన కిటికీ తెరిచే పని పెట్టుకున్నాడు.

"వీటన్నిటికీ మార్కులు వేసేస్తాను. రేపు ఆయనకి చెప్పేస్తాను" అన్నాను.

"ఏస్తే ఆయన ఏమంటడు? మార్కులు కలిపితే పెరగవా అంటడు. సూపియ్యాలె మేడం."

"ఎలా చూపిస్తాం? నీ మాటలు నువ్వు చదివితే వాళ్లు బాగా రాశారనుకో. మాటల వల్లా, నీ గొంతు వల్లా? రెండూ ఒకేసారి మారిపోయాయి కదా." ఈసారి పట్టుకున్నానని నాకు కొంచెం గర్వం.

ఆయన గెడ్డం గోక్కున్నాడు. ఎంతసేపో కాదు, టీ చల్లారేంత కూడా కాదు.

"అయితే మీ మాటలు సగం మందికి నేను సద్వుత, సగం మందికి మీరు సద్వుండ్రి. నా మాటలు గూడ గట్లనే. నాలుగు తీర్లయితది. మాటదేంది, మనిషిదేంది, దేనికది దేలుతది."

పిల్లలూ, ఇది ఎమ్మే రెండో ఏడాదిలో చెప్పే పాఠం. నేను చదువుకున్నప్పుడు నాకే రెండు రోజులు పట్టింది. ఆయన ఏ పుస్తకమూ తెరవకుండా, పాల లోట దగ్గర మొదలుపెట్టి అక్కడికి నడిచి వెళ్లాడు. అలాంటి బుర్రని నేను ఇరవై ఏళ్లు గంట కొట్టడానికి వాడుకున్నాను.

కరస్పాండెంటుని రెండు వారాలు గడువు అడిగాను. గొణుక్కుంటూ ఇచ్చాడు. కొత్త మాటలతో పట్టికలు రాశాం. ఆ పందొమ్మిది మందినీ, కాలనీల పిల్లల్లోంచి ఇంకో పందొమ్మిది మందినీ తీసుకున్నాం. మొదటి రోజే అభాసుపాలయ్యాను. నేను మా గోదావరి యాసలో దీర్ఘం తీసి "గోకరకాయ" అనగానే గది మొత్తం పకపకా నవ్వింది. పిల్లలందరూ గోకరకాయ మాత్రం మర్చిపోకుండా రాశారు. నాకు బాగానే ఉందనిపించింది. ఆయన కాగితాలన్నీ పోగుచేసి మడిచేశాడు.

"ఇయ్యి పనికిరావు మేడం. నవ్విన మాట ఎవలైనా యాదికుంచుకుంటరు."

"ఇప్పుడేం చేద్దాం?"

"మీరు నేర్సుకోవాలె."

వారం రోజులు మధ్యాహ్నం టీ టైములో నాకు పాఠం. ఆయన అంటాడు, నేను అంటాను. "గట్ల గాదు మేడం, గుంజొద్దు. టక్కున ఇడిసెయ్యాలె." నేను ఆయనకి నా మాటలు నేర్పాను, ముందు పాత పట్టికలోవి. "ఆనపకాయ"ని ఆయన మూడు రోజులు "అనుపకాయ" అన్నాడు. స్టాఫ్ రూములో వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు, నవ్వుకోనీ అనుకున్నాను. నా ఉద్యోగంలో అంత బాగున్న వారం ఇంకొకటి లేదు. ఆ వారంలోనే ఒకరోజు నేను ఆయన్ని "మీరు" అన్నాను.

"ఏమైంది మేడం, కొత్తగ? కోపమొచ్చిందా?" అన్నాడు కంగారుగా.

మళ్లీ "నువ్వు"లోకి వెళ్లలేకపోయాను. ఆయనకి అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరు చదివారన్నదానితో పెద్ద తేడా రాలేదు. ఏ మాటలు చదివామన్నదానితోనే వచ్చింది. వాళ్ల మాటలు వింటే ఆ పందొమ్మిది మందీ హాయిగా రాశారు. అవే మాటలు విన్న కాలనీల పిల్లలు నాలాగే తమ ఇంటి మాటలు రాసి, నా నియమం ప్రకారం దభాలున కిందపడ్డారు.

సెలవులకి రెండు రోజుల ముందు ఇద్దరం స్కూలుకి వెళ్లాం. సెక్షన్ల జాబితా అప్పటికే టైపు చేసి టేబుల్ మీద ఉంది. పందొమ్మిది పేర్లూ కింద విడిగా ఉన్నాయి. నేను చెప్పిందంతా కరస్పాండెంటు విన్నాడు, మొహం గంటు పెట్టుకుని.

"మీరేగా మేడంగారూ, మొన్న ఫోన్లో వీళ్లు వెనకబడ్డారన్నారు."

"అన్నానండీ. తప్పన్నాను."

"మాట ఏదైతే ఏముందండీ, అంతా తెలుగే కదా?"

"తెలుగేనండీ. అందుకే నాకు తప్పు కనపడలేదు."

ఆయన కాసేపు కాగితాలు తిరగేశాడు. తలుపు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డ మా అటెండరు వైపు చూసి, "ఈయనెవరు?" అన్నాడు. గురువారం సంగతి ప్రిన్సిపాలుకి చెప్పినప్పుడు మింగేసిన మాట ఆ రోజు నోరారా చెప్పాను.

"తప్పు పట్టుకుంది ఈయనండీ. ఈ ప్రయోగం తయారు చేసింది కూడా ఈయనే. సందేహాలుంటే ఈయన్నే అడగండి, నాకంటే బాగా చెబుతారు."

కరస్పాండెంటు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, కుర్చీ చూపించి, "కూర్చోండి" అన్నాడు. ఆయన కూర్చుని పావుగంట చెప్పాడు, లోటతో సహా. చివరికి కరస్పాండెంటు ఆ జాబితాని సొరుగులో పెట్టాడు. "సరే, దసరా తర్వాత చూద్దాం లెండి" అన్నాడు. తప్పైందని ఒప్పుకోలేని పెద్దమనుషులు అలాగే అంటారు. దసరా తర్వాత ఎవరూ చూడలేదు. ఆ సెక్షన్ తెరవలేదు, పందొమ్మిది మందీ మొత్తం లెక్కలు నేర్చుకున్నారు.

బయటికొచ్చేసరికి ఇంటర్వెల్లు. రబ్బరు గాజు పిల్ల కొళాయి దగ్గరుంది. నేను దగ్గరికి వెళ్లి తన పాత కాగితం ఇచ్చాను. ఆరు కొట్టేసి పధ్నాలుగు వేశాను.

"నేనే తప్పుగా దిద్దానమ్మా. నువ్వు చెప్పిందే రైటు."

పిల్ల మార్కులు చూసుకుంది. సంతోషపడుతుందనుకున్నాను, కానీ దాని కళ్లు మిగిలిపోయిన ఖాళీ మీద ఉన్నాయి.

"ఆ ఒక్కటేంది టీచర్?"

"ఆనపకాయ."

"అదేం కాయ?"

"సోరకాయ."

"మరి గట్లనే జెప్పొచ్చు గద టీచర్" అంది, కోపం లేకుండా. తర్వాత అటెండరు వైపు చూసి, నా వైపు చూసి, "మీరు గూడ రాసిన్రంట గద. మీకెన్నొచ్చినయ్?" అంది.

ఈయన చెప్పేసినట్టున్నాడు. చెట్టు మీద పిట్టని చూస్తున్నట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

"ఏడు" అన్నాను.

పిల్ల కొళాయి కట్టేసింది. నేను ఆ రోజు తన తల నిమిరినట్టే, తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"ఏం గాదు టీచర్. ఇంకోపాలి రాస్తే ఒస్తయ్."